అప్పు తీర్చిన గొంతు

మార్క్ ట్వేన్‌ను మనం పుస్తకాలలోనే ఎరుగుదుం. ఆయన కాలపు అమెరికన్లు మాత్రం టిక్కెట్టు కొని మరీ ఆయన మాట విన్నారు.

1866లో శాక్రమెంటో యూనియన్ పత్రికకు విలేకరిగా హవాయి దీవులు తిరిగివచ్చి, అక్టోబరు 2న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక నాటకశాల అద్దెకు తీసుకొని, ఆ దీవుల మీద ఉపన్యసించాడు. తలుపులు ఏడింటికి తెరుస్తామనీ, అసలు గొడవ ఎనిమిదింటికి మొదలవుతుందనీ ప్రకటన వేయించాడు. జనం నవ్వరేమోనన్న భయంతో మిత్రులను సభలో అక్కడక్కడా కూర్చోబెట్టాడట. ఆ అవసరం రాలేదు.

సాగదీసే యాస, నవ్వు జాడలేని ముఖం, అన్నిటినీ మించి విరామం. చమత్కారానికి ముందు ఎంతసేపు ఆగాలన్నదానిపై 1895లో ఒక వ్యాసంలో చర్చించాడు. చిడతలు ఆపి సభను ఊపిరి బిగబట్టించే మన హరిదాసులకు ఆ మర్మం కొత్తది కాదు. ఆదిభట్ల నారాయణదాసు ఆయనకు సమకాలికుడే.

అయితే రైళ్లూ, హోటళ్లూ, ఊరూరా తిరుగుళ్లూ ఆయనకు గిట్టేవి కావు. మానుకున్నానని చెప్పడం, డబ్బు అవసరమై మళ్లీ వేదికెక్కడం మామూలైపోయింది. పెయిజ్ అక్షరకూర్పు యంత్రం ఆస్తిని మింగింది; 1894లో సొంత ప్రచురణసంస్థ దివాలా తీసింది. చట్టప్రకారం కొంత చెల్లించి చేతులు దులుపుకోవచ్చు. భార్య ఒలీవియా ఒప్పుకోలేదు. పూర్తిగా తీర్చాలన్న నిర్ణయంలో సగం కీర్తి ఆమెకు చెందాలని నా అభిప్రాయం.

1895 జూలైలో క్లీవ్‌లండ్‌లో మొదలుపెట్టాడు. అప్పటికి యాభై తొమ్మిదేళ్లు, కాలిమీద రాచపుండు. భార్య, కూతురు క్లారా వెంట నడిచారు. అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దాటి 1896 జనవరిలో బొంబాయి చేరాడు. మార్చి చివర కలకత్తాలో ఓడెక్కి, దారిలో మద్రాసులో ఒకరోజు ఆగాడు. తెలుగువారికి అంత దగ్గరగా వచ్చింది అప్పుడే. జూలైలో కేప్‌టౌన్‌లో చివరి ఉపన్యాసం.

ఆగస్టు 18న, ఆయన ఇంగ్లండులో ఉండగా, హార్ట్‌ఫర్డ్ ఇంట్లో పెద్దకూతురు సూసీ మెనింజైటిస్‌తో కన్నుమూసింది. వయసు ఇరవైనాలుగు. ఆ జబ్బుకు ఆనాటి వైద్యుల దగ్గర మందే లేదు. కబురు విని బయలుదేరిన తల్లి ఇంకా నడిసముద్రంలోనే ఉంది.

1898 నాటికి అప్పులన్నీ తీరాయి. పత్రికలు ఆయనను వేనోళ్ల పొగిడాయి. ఆ హార్ట్‌ఫర్డ్ ఇంట్లో ఆ కుటుంబం మళ్లీ కాపురం పెట్టలేదు.