యానాం నుంచి తిరిగొచ్చే బండి: గోదారి జిల్లాల్లో మందు చట్టాల కథ

వేసవి సెలవులొచ్చేశాయి. హైదరాబాద్, బెంగళూరుల నుంచి అందరూ ఊళ్ళకి దిగిపోయారు. పెళ్ళిళ్ళు, దిండి, ఓడలరేవు బీచ్, పాపికొండలు... రాత్రి పదకొండైనా రోడ్ల మీద బళ్ళు ఆగవు. అందులో కొన్ని తాగినవాళ్ళ చేతుల్లో ఉంటాయి. ఈ ఎపిసోడ్ వాళ్ళకి ఎదురొచ్చే మనందరి కోసం.

ముందు కొంచెం చరిత్ర చెప్పాలి. ఎందుకంటే మన దగ్గర ఈ సమస్యకి ఒక మ్యాప్ ఉంది, ఆ మ్యాప్ మధ్యలో యానాం ఉంది.

కాకినాడ నుంచి సుమారు 30 కిలోమీటర్లు. చుట్టూ ఆంధ్రా, మధ్యలో పుదుచ్చేరి. 1954 జూన్ వరకు అక్కడ ఫ్రెంచి వాళ్ళ పాలన. అందుకే చట్టాలు వేరు. బాల్యవివాహాలు ఆపడానికి 1929లో శారదా చట్టం వచ్చింది కదా, అది యానాంలో చెల్లేది కాదు. దాంతో చుట్టుపక్కల వాళ్ళు పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళి పెళ్ళిళ్ళు చేసేవారు. ఇక్కడ కుదరనిది గోదారి పక్కనే ఉన్న ఇంకో ఊళ్ళో కుదురుతుంది. ఈ అలవాటు గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు మందు సంగతి. మద్రాసు ప్రెసిడెన్సీలో మద్యనిషేధం 1937లో సేలం జిల్లాతో మొదలై, 1948కల్లా మొత్తం రాష్ట్రానికి వచ్చింది. గోదారి జిల్లాలు అప్పుడు మద్రాసులోనే ఉన్నాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక కూడా నిషేధం కొనసాగింది. దాని మీద ఎంత గొడవంటే, 1954 నవంబర్‌లో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఈ విషయంలోనే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది! 1960ల చివర్లో ఆ నిషేధాన్ని సడలించారు.

తర్వాత 1992. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. కూలి డబ్బులు సారా కొట్టుకి పోవడం, ఇంట్లో దెబ్బలు, ఇంక భరించలేకపోయారు. ఆ ఉద్యమం వల్లే 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో దాన్ని సడలించారు. ఆ మధ్యకాలంలో యానాంలో మాత్రం మందు దొరుకుతూనే ఉంది. 2019లో ఏపీలో షాపులు ప్రభుత్వం చేతిలోకి వెళ్ళి, ధరలు పెరిగి, తెలిసిన బ్రాండ్లు మాయమైనప్పుడూ మళ్ళీ అదే దారి. 2024 అక్టోబర్‌లో ప్రైవేటు షాపులు తిరిగొచ్చాయి.

ఇంకో మార్పు కూడా జరిగింది. ఒకప్పుడు అమలాపురం వైపు నుంచి యానాం వెళ్ళాలంటే పంటు మీద గోదారి దాటాలి. 2002లో యానాం–ఎదుర్లంక వంతెన వచ్చింది. కాలేజీకీ ఆసుపత్రికీ అదెంత మేలు చేసిందో చెప్పక్కర్లేదు. కానీ తాగినవాడికి కూడా అడ్డు లేకుండా పోయింది. బండెక్కితే నేరుగా ఇంటికే.

దూబగుంట తల్లులు అడిగింది వందకి వంద శాతం న్యాయం. అయితే ఆ తర్వాత ప్రభుత్వాలు తిప్పి తిప్పి చూసిన ప్రశ్న ఒక్కటే: షాపు ఎక్కడ ఉండాలి, ఎవరు అమ్మాలి? తాగినవాడు ఇంటికి ఎలా వెళ్తాడన్నది వెనకబడిపోయింది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే లొకేషన్ మార్చారు, బగ్ అలాగే ఉంది.

రోడ్డు గురించి ఆలోచించింది సుప్రీంకోర్టు. హైవేలకి 500 మీటర్ల లోపు మందు షాపులు ఉండకూడదని 2016 డిసెంబర్‌లో తీర్పిచ్చింది. చిన్న ఊళ్ళకి దాన్ని 220 మీటర్లు చేశారు. మంచి ఉద్దేశమే. కానీ హైవేకి అర కిలోమీటరు లోపలంటే మన డెల్టాలో చాలాచోట్ల ఏముంటుంది? కాలువ గట్టు రోడ్డు.

ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852కి పూర్తయింది. దాని కాలువల్లో నీళ్ళతో పాటు పడవలూ నడిచాయి. ఆ గట్లే తర్వాత చాలాచోట్ల రోడ్లయ్యాయి. ఒక పక్క కాలువ, ఇంకో పక్క పల్లంలో చేను. రైలింగు ఉండదు, లైట్లు ఉండవు. ఎదుటోడు మన వైపుకి వచ్చేస్తే తప్పుకోడానికి జాగా కూడా ఉండదు.

మన జిల్లా కాదు గానీ, 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో జరిగింది గుర్తుందా? ఒక బైక్ డివైడర్‌ని గుద్దింది, నడిపేవాడు చనిపోయాడు. రోడ్డు మీద పడున్న ఆ బైక్‌ని హైదరాబాద్–బెంగళూరు బస్సు ఈడ్చుకెళ్ళింది, మంటలొచ్చాయి. బస్సులో 19 మంది ప్రాణాలు పోయాయి. బైక్ నడిపినతను తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. ఆ 19 మందిలో ఎవరూ అతనితో కలిసి తాగలేదు.

చట్టం ఇప్పుడు ఏమంటోందంటే, 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారికే 10 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రెండోసారైతే 15 వేలు, రెండేళ్ళు.

మరి మనమేం చేయాలి? రాత్రి గట్టు రోడ్డు మీద ఎదురుగా బండి అటూ ఇటూ ఊగుతూ వస్తుంటే హారన్ కొడుతూ పంతానికి పోకండి. వేగం తగ్గించి, వెడల్పున్న చోట పక్కకి ఆపేయండి. అది మీ ముందు వెళ్తుంటే ఓవర్‌టేక్ చేయొద్దు, దూరంగా ఉండండి. నంబరు చూసి, బండి ఆపుకున్నాక 112కి ఫోన్ చేయండి. వెనక కూర్చున్నా హెల్మెట్, కార్లో వెనక సీట్లోనూ బెల్టు. ప్రమాదం కనబడితే 108కి చేయండి. సాయం చేసినవాళ్ళని పోలీసులు వేధించకుండా చట్టంలో రక్షణ ఉంది.

అన్నిటికంటే కష్టమైంది ఇంట్లో ఉంది. పెళ్ళిలో రెండు పెగ్గులేసిన బావగారు "ఏం కాదు, ఎక్కండి" అంటారు. మజ్జిగ తాగితేనో, మొహం కడుక్కుంటేనో దిగేది కాదు అది, టైమే పట్టాలి. ఆ తాళాలు అడిగి తీసుకోండి. ఇవ్వకపోతే పిల్లల్ని ఎక్కించొద్దు. "బావగారూ, మీరు వెనక కూర్చోండి, నేను నడుపుతాను" అనండి. కోపమొస్తే రానివ్వండి, పొద్దున్నే కాఫీ దగ్గర సర్దుకుంటుంది.

ఈ వారం పెళ్ళికి వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే ఈ వీడియో పంపించండి. తిరుగు ప్రయాణంలో ఎవరు నడుపుతారో ఇంట్లో బయల్దేరే ముందే తేల్చుకోండి. మళ్ళీ కలుద్దాం ఫ్రెండ్స్, ఉంటానండి.