మందు పనిచేసిందా లేదా: షాగస్ జబ్బు పరీక్ష పుట్టుపూర్వోత్తరాలు

1909లో బ్రెజిల్‌లోని లస్సాన్స్ అనే చిన్న ఊళ్లో డాక్టర్ కార్లోస్ షాగస్ జ్వరంతో ఉన్న రెండేళ్ల పాప రక్తంలో ఒక పరాన్నజీవిని చూశాడు. మట్టిగోడల బీటల్లో దాక్కుని రాత్రిళ్లు రక్తం పీల్చే పురుగుల్లో అతనికి అప్పటికే అది కనిపించింది. తన గురువు ఓస్వాల్డో క్రూజ్ పేరు కలిపి దాన్ని ట్రిపనోసోమా క్రూజీ అన్నాడు.

అది తెచ్చే షాగస్ జబ్బు కొత్తలో ఈ జీవి మైక్రోస్కోపుకు సులువుగానే చిక్కుతుంది. కొన్ని వారాలు గడిస్తే గుండె కండరాల్లో, పేగుల్లో తలదాచుకుంటుంది. రక్తంలో దాదాపు కనబడదు. దానికి 1914లో ఎమిల్ బ్రంప్ట్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఒక విడ్డూరమైన ఉపాయం కనిపెట్టాడు. ప్రయోగశాలలో పెంచిన, జబ్బు సోకని పురుగులను ఆకలితో మాడ్చి, పలచని గుడ్డ కట్టిన డబ్బాలో పెట్టి, రోగి చేతికి ఆనించి కుట్టించేవారు. ఒకటి రెండు నెలలాగి ఆ పురుగుల మలంలో వెతికేవారు. రక్తంలో ఒకటీ అరా జీవి ఉన్నా పురుగు పేగులో వేలుగా పెరుగుతుందని లెక్క. జెనోడయాగ్నసిస్ అనే ఈ పరీక్షను పిల్లలకూ చేశారు. ఇంట్లో ఏ పురుగుకు భయపడి దీపం ఆర్పకుండా పడుకునేదో, ఆస్పత్రిలో దాన్నే బిడ్డ చేతికి కడుతుంటే ఆ తల్లి ఏమనుకుని ఉంటుంది! ఇంతా చేసి, పాతబడిన జబ్బులో ఈ పరీక్ష చాలామందిని పట్టుకోలేకపోయేది.

1960లు, 70లలో నిఫర్టిమాక్స్, బెంజ్‌నిడజోల్ మందులొచ్చాక చిక్కు ఇంకా ముదిరింది. మందు వేశాం సరే, పనిచేసిందా? యాంటీబాడీ పరీక్ష వెంటనే చెప్పలేదు. ఈ జబ్బు తల్లి నుంచి కడుపులోని బిడ్డకూ సోకవచ్చు; అప్పుడు తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు బిడ్డలో ఎనిమిది, పది నెలల దాకా ఉంటాయి. కాస్త పెద్ద పిల్లల్లోనైతే జబ్బు నయమైనా సొంత యాంటీబాడీలు ఏళ్లతరబడి పోవు.

డీఎన్ఏ తునకకు లెక్కలేనన్ని నకళ్లు తీసి దాని జాడ పట్టే పీసీఆర్ పద్ధతిని 1983లో కేరీ మల్లిస్ ఊహించాడు; 1989కల్లా అది ఈ జీవి దాకా వచ్చింది. ఇందులో అదృష్టమూ ఉంది. ట్రిపనోసోమా కణంలో కినెటోప్లాస్ట్ అనే చోట చిన్న డీఎన్ఏ వలయాలు వేలల్లో ఉంటాయి. తీసిన రక్తంలో గ్వానిడిన్ కలిపితే జీవి చిట్లుతుంది; ఆపైన మరిగిస్తే ఒకదానికొకటి గొలుసులా అల్లుకున్న ఆ వలయాలు తెగి సీసా అంతటా చెదురుతాయి. కొద్దిపాటి రక్తంలోనూ జాడ దొరుకుతుంది.

బ్యూనస్ ఐరిస్‌లోని రికార్డో గుటియెరెజ్ పిల్లల ఆస్పత్రి వైద్యులు జన్యు ప్రయోగశాల వారితో కలిసి, పుట్టుకతో జబ్బు సోకిన పసివాళ్లకు మందు వేస్తూ పీసీఆర్‌తో వెంబడించి, ఆ ఫలితాలను 2003లో ప్రచురించారు. మందు ముగిశాక పీసీఆర్ పాజిటివ్ వస్తే చికిత్స విఫలమైనట్టే. నెగటివ్ వస్తే మాత్రం ఒక్కసారికి నమ్మరు. జీవి కండరంలో నక్కి ఉండొచ్చు. అందుకే యాంటీబాడీలు కూడా పోయేదాకా పిల్లలను మళ్లీ మళ్లీ రమ్మంటారు.