కట్టుకున్న మాట: జాంజిబార్ కాంగా, తారబ్ పాట

జూన్ నుంచి సెప్టెంబరు దాకా దుక్మ్‌లో సముద్రం మీది గాలి ఆగదు. మస్కట్ ఎండకు మాడుతున్న రోజుల్లో ఇక్కడ చల్లగా ఉంటుంది కాని, తల మీద ఏ బట్టా నిలవదు. అలాంటి ఒక మధ్యాహ్నం మా ఆసుపత్రిలో పనిచేసే ఒమానీ నర్సు ఒకరు గాలికి జారిన తలగుడ్డను సర్దుకుంటూ లోపలికి వచ్చారు. ఎరుపు, నలుపు, తెలుపు రంగుల అచ్చుబట్ట. చుట్టూ వెడల్పాటి అంచు, అంచు పక్కన రోమన్ లిపిలో ఒక వాక్యం. అవే మూడు రంగులు కావడంతో చీరాల, పుట్టపాక నేతగాళ్ళ తేలియా రుమాలు గుర్తుకొచ్చింది నాకు. ఒకప్పుడు అదీ అరబ్బు దేశాలకు తలపాగాల కోసం ఎగుమతి అయినదే. అయితే దాని మీద మాటలుండవు.

ఆ వాక్యం ఏమిటని అడిగాను. స్వాహిలీ భాష అనీ, ఓర్వలేని వాళ్ళకు చురక అనీ చెప్పి ఆవిడ నవ్వారు. "జాంజిబార్‌లో మా అమ్మమ్మ ఇలాంటి బట్ట కట్టుకునే పక్కింటావిడతో పోట్లాడేదట, నోరు విప్పకుండా" అన్నారు. రోగి నోరు విప్పకముందే కట్టూబొట్టూ కొంత చెబుతాయని మాకు వైద్యవిద్యలో నేర్పారు. ఇంత సూటిగా చెబుతాయని మాత్రం నేర్పలేదు.

ఒమాన్‌కూ జాంజిబార్‌కూ ఉన్న చుట్టరికం పాతది. సుల్తాన్ సయ్యద్ సయీద్ 19వ శతాబ్దపు పూర్వార్ధంలోనే తన కొలువును మస్కట్ నుంచి ఆ ద్వీపానికి మార్చుకున్నాడు. 1856లో ఆయన పోయాక కొడుకుల మధ్య తగాదా వచ్చింది. దాన్ని 1861లో తీర్చింది మన దేశాన్ని ఏలుతున్న గవర్నర్ జనరల్ లార్డ్ కానింగే. ఆ తీర్పుతో రాజ్యం రెండైంది. జాంజిబార్ సంపదకు మూలం లవంగ తోటలు, ఆ తోటలకు మూలం ఆఫ్రికా లోపలి ప్రాంతాల నుంచి పట్టి తెచ్చిన బానిసలు. మన కథ మొదలయ్యేది వాళ్ళ ఒంటిమీది బట్టతోనే.

బానిస స్త్రీకి దక్కేది 'మెరికాని' అనే ముతక గుడ్డ. అమెరికా నుంచి దిగుమతి అయ్యేది కనుక ఆ పేరు. చంకల కింద చుట్టుకుంటే భుజాలూ తలా బయటే ఉండేవి. దాన్నే నీలిమందులో ముంచితే 'కనికి' అయ్యేది. పురుషుడు యజమాని ఎదుట టోపీ పెట్టకూడదు, చెప్పులు తొడగకూడదు. తల కప్పుకోవడం స్వేచ్ఛగా పుట్టినవారి హక్కు. ముసుగును అణచివేతకు గుర్తుగానే చూసే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఇక్కడ ఆ అలవాటును కాసేపు పక్కన పెట్టాలి. ఆ స్త్రీలకు కప్పుకోనివ్వకపోవడమే అవమానం.

1873లో జాంజిబార్ బానిసల సంత మూతపడింది. 1897లో బానిసత్వానికి చట్టపరమైన గుర్తింపు పోయింది. సరిగ్గా ఈ దశాబ్దాల్లోనే కాంగా పుట్టింది. పోర్చుగీసు మాట నుంచి వచ్చిన 'లేసో' అంటే చేతిరుమాలు. రుమాళ్ళు విడదీయకుండా తానుగా వచ్చేవి. ఆరింటిని ఒకే ముక్కగా కొని, మూడేసి చొప్పున రెండు వరసలుగా కలిపి కుట్టుకోవడం అక్కడి స్త్రీల ఆలోచన. వర్తకులు అది చూసి అదే కొలతకు ఒకే బట్టగా అచ్చు వేయించడం మొదలుపెట్టారు. తొలినాటి చుక్కల నమూనా గిన్నెకోడి ఈకల్లా ఉండేది కనుక, స్వాహిలీలో ఆ పక్షి పేరైన 'కాంగా' బట్టకూ స్థిరపడిందంటారు. ఇప్పటికీ జతగా అమ్ముతారు. ఒకటి నడుముకు, ఒకటి తలకూ భుజాలకూ. బానిసగా ఉన్నంతకాలం బట్టకట్టని భుజాలవి. మధ్యభాగాన్ని 'ఎమ్జీ' అంటే ఊరు అనీ, వాక్యాన్ని 'జీనా' అంటే పేరు అనీ పిలుస్తారు. ఈ పేర్లు నాకు బట్టకంటే ఎక్కువ నచ్చాయి.

వాక్యాలు అచ్చు వేయించే పద్ధతిని మొంబాసాలోని ఖదర్‌దినా హాజీ ఎస్సాక్ అనే భారతీయ వర్తకుడు మొదలుపెట్టాడని చెబుతారు. మొదట అరబ్బీ లిపిలో, తరువాత రోమన్ లిపిలో వచ్చేవి. మాంచెస్టర్, హాలండ్, జపాన్, మన దేశం, ఎక్కడ అచ్చయినా ఏ నమూనా అమ్ముడుపోతుందో తేల్చేది జాంజిబార్ ఆడవాళ్ళే. వాళ్ళు వద్దన్నది దుకాణంలో మూలపడేది.

ఇక పాట. సుల్తాన్ బర్గాష్ (1870–1888) కాలంలో ఈజిప్టు సంగీతం మీది మోజుతో కొలువులో తారబ్ స్థిరపడింది. ఊద్, కానూన్, వయొలిన్ వాద్యాల మీద పురుషులు అరబ్బీలో పాడేవారు. 1905లో ఏర్పడిన ఇఖ్వానీ సఫా బృందం కూడా ఆ బాటలోదే. ఆ సంగీతాన్ని నగరం అంచున ఉండే స్వాహిలీ పేటలకు తెచ్చింది సితి బింతి సాద్.

ఆమె 1880 ప్రాంతంలో ఫుంబా అనే పల్లెలో బానిసల కుటుంబంలో పుట్టింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఎమ్తుమ్వా, అంటే బానిస. కుండలు చేసి, తలమీద పెట్టుకుని ఊరూరా అమ్మేది. ఆ కేకల్లోనే గొంతు బయటపడిందని చెబుతారు. పట్నం చేరి, ఖురాన్ పఠనం నేర్చి, వాద్యకారులతో కలిసి పాడసాగింది. 'సితి' పట్నంలో పెద్దలు ఇచ్చిన పేరు. అరబ్బీలో దొరసాని అని అర్థం. బానిస అనే పేరు నుంచి దొరసాని అనే పేరుకు చేరిన మనిషి వేదిక మీద ఎలా కనిపించాలి? ఆమె ముఖం మీదికి ముసుగు కప్పుకుని పాడేది. రూపాన్ని ఎగతాళి చేస్తూ ప్రత్యర్థులు కట్టిన పాటలకు అదే జవాబని కొందరంటారు. కావచ్చు. కాని ఆ ముసుగులో నాకు కనిపించేది, తల్లికి దక్కని బట్టను కూతురు నిండుగా కప్పుకోవడం. ఆమె మార్గదర్శి అయింది కాబట్టి స్త్రీలు ఆమెలా కట్టుకున్నారని అనుకోవడం తేలిక. వరస అది కాదు. విముక్తులైన స్త్రీలు ముందు కట్టారు, తరువాత వాళ్ళలో ఒకామె పాడింది.

1928లో గ్రామఫోన్ కంపెనీ ఆమెను బృందంతో సహా బొంబాయికి రప్పించి 'హిజ్ మాస్టర్స్ వాయిస్' ముద్రతో రికార్డులు చేయించింది. తెలుగు నాటక పద్యాలు ఇంటింటా గ్రామఫోన్ మీద మోగుతున్న రోజులవి. జాంజిబార్‌లో ఆ రికార్డులను కాఫీ దుకాణాల్లో పదిమందీ చుట్టూ చేరి వినేవారు. అవన్నీ ప్రేమ పాటలు కావు. 'కిజితి' అనే పాట నిజంగా జరిగిన ఒక హత్య గురించినది. చంపినవాడు తప్పించుకుపోయాడు, సాక్ష్యం చెప్పవచ్చిన ఆడవాళ్ళు జైలుపాలయ్యారు. వలస పాలకుల కోర్టు మీద అంతకంటే ఘాటైన విమర్శ ఆ రోజుల్లో ఏ పత్రిక రాసిందో నాకు తెలియదు.

సితి తరువాత స్త్రీల తారబ్ బృందాలు పుట్టుకొచ్చాయి. పాటకూ బట్టకూ ఇచ్చిపుచ్చుకోవడం ముదిరింది అక్కడే. జనం నోట నానిన పాట మాట కొత్త కాంగా మీదికి ఎక్కేది. కాంగా మీది సామెత పాటకు పల్లవి అయ్యేది. మన బట్టల దుకాణాల్లో సినిమా పేర్లతో చీరలు అమ్మడం మనకూ తెలుసు కాని, చీర తిరిగి సినిమాకు మాట అందించిన సందర్భం నాకు తట్టడం లేదు. ఎత్తిపొడుపు పాటలను 'మిపాషో' అంటారు. పాట నడుస్తుండగా ఒకామె లేచి నాట్యమాడుతూ గాయని దగ్గరికి వెళ్ళి డబ్బు ఇస్తుంది. తన పగకు సరిపోయే చరణం వచ్చేదాకా ఆగి మరీ లేస్తుంది. ఎవరిని ఉద్దేశించిందో సభలో అందరికీ తెలుస్తుంది. నేననలేదు, పాట అన్నది. నేననలేదు, బట్ట మీద ఉన్నది. నోటితో అంటే తగాదా అయ్యే మాటను పరాయి మాటగా చెప్పుకునే వెసులుబాటు ఇది.

1964 జనవరిలో జాంజిబార్‌లో విప్లవం వచ్చింది. అరబ్బు మూలాలున్న వేలాదిమంది ప్రాణాలు పోయాయి. మిగిలినవారిలో ఎందరో ద్వీపం వదిలారు. 1970లో ఒమాన్ గద్దెనెక్కిన సుల్తాన్ ఖాబూస్ చదువుకున్నవారిని వెనక్కి పిలిచినప్పుడు, ఆ కుటుంబాలు స్వాహిలీతో, తారబ్ క్యాసెట్లతో, లేసోలతో మస్కట్ చేరాయి. ఒమానీ పురుషులందరూ ఈ రోజు పెట్టుకునే కుమ్మా అనే కుట్టుపని టోపీ కూడా తూర్పు ఆఫ్రికా తీరం నుంచి వచ్చినదే. బానిస పెట్టుకోరాదన్న టోపీ వంశానిదే అది. ఇప్పుడది దేశానికే గుర్తు.

దుక్మ్ ఈ కథలోకి ఆలస్యంగా వచ్చింది. 2011లో ప్రత్యేక ఆర్థిక మండలి అయ్యేదాకా ఇది బెస్తల ఊరు. చుట్టూ ఎడారిలో హరాసీస్ తెగవారు ఒంటెలను మేపుకునేవారు. ఓడల మరమ్మతు కేంద్రం, 2024లో చమురుశుద్ధి కర్మాగారం వచ్చాయి. వాటితోపాటు మస్కట్ నుంచి ఉద్యోగులూ, కరీంనగర్ నుంచి కార్మికులూ వచ్చారు. మా ఓపీ వరసలో హరాసీస్ పెద్దాయన తలపాగా, జాంజిబార్ కుమ్మా, మనవాళ్ళ తువ్వాలు పక్కపక్కన కూర్చుంటాయి.

కిందటి వారం ఆ నర్సు వేరే లేసో వేసుకువచ్చారు, పసుపు మీద నీలం. వాక్యం కూడా కొత్తది. ఇది ఎవరికని అడిగాను.

"మీకు కాదు డాక్టర్" అన్నారు. ఎవరికో మాత్రం చెప్పలేదు.