ఋషిఋణ విమోచనం: మల్కాపురం శాసనం నేర్పే పాఠం

మానవుడు మూడు ఋణాలతో జన్మిస్తాడన్నది వైదిక సంప్రదాయం. యజ్ఞంచేత దేవఋణమూ, సంతానంచేత పితృఋణమూ, అధ్యయనంచేత ఋషిఋణమూ తీరుతాయి. ఈ మూడవదానిలో ఒక విశేషముంది. ధనఋణాన్ని ఇచ్చినవాడికే తిరిగి చెల్లించాలి. జ్ఞానఋణం మాత్రం ఇచ్చినవాడిని దాటి, ఇంకా జన్మించని విద్యార్థికి చెల్లుతుంది. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో ఆచార్యుడు, గురువుకు ప్రియమైన ధనాన్ని సమర్పించమని శిష్యుడికి చెప్పి, ఆ వెంటనే సంతానతంతువును తెంచవద్దని ఆదేశిస్తాడు. దక్షిణ, పరంపర అనే రెండు భావాలూ ఒకే శ్వాసలో వెలువడటం యాదృచ్ఛికం కాదు.

ఈ భావం చరిత్రలో ఎలా రూపుదాల్చిందో కాకతీయుల కాలం చెబుతుంది. జగిత్యాల సమీపంలోని పొలాస ఒకప్పుడు మేడరాజు ఏలిన పొలవాస. 12వ శతాబ్దంలో రుద్రదేవుడు దానిని జయించగా ఈ గోదావరీ పరిసరాలు కాకతీయ రాజ్యంలో చేరాయి. ఆ వంశంలోని గణపతిదేవుడికి దీక్షాగురువు విశ్వేశ్వర శివాచార్యుడు. గౌడదేశం నుండి వచ్చిన గోళకీమఠ శైవాచార్యుడాయన. శిష్యుడు గురువుకు కృష్ణాతీరంలోని మందడం గ్రామాన్ని సంకల్పించాడు; పుత్రిక రుద్రమదేవి దానికి వెలగపూడిని చేర్చి 1261లో ధారపోసింది. ఆ వెలగపూడిలోనే నేడు ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉంది.

గురువు ఆ దక్షిణను తనకై ఉంచుకోలేదు. మల్కాపురం శాసనం ప్రకారం ఆయన ఆ గ్రామాల ఆదాయాన్ని మూడు భాగాలు చేశాడు. మొదటిది విశ్వేశ్వరాలయానికి. రెండవది విద్యార్థుల, శైవమునుల భోజనానికి. మూడవది ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, విప్రసత్రానికి. ఋగ్యజుస్సామాలు బోధించడానికి ముగ్గురినీ, పద వాక్య ప్రమాణ సాహిత్య ఆగమాలకు అయిదుగురినీ, వారితోపాటు ఒక వైద్యుణ్ణీ, ఒక గణకుణ్ణీ నియమించాడు. శిష్యుడి కృతజ్ఞత గురువు చేతి మీదుగా రాబోయే తరాల అన్నమూ, అక్షరమూ, ఔషధమూ అయింది. దాత ఏర్పరచిన ధర్మం దాత తదనంతరమూ సాగాలన్న దృష్టి ఇక్కడ స్పష్టం.

ఆ శాసనస్థలానికి చేరువలోని గుంటూరులోనే ఈ దృశ్యం పునరావృతమైంది. 1946లో స్థాపితమైన గుంటూరు వైద్య కళాశాలలో 1965 ప్రాంతంలో చదివి, అమెరికాలో స్థిరపడిన వైద్యురాలు డాక్టర్ గవిని ఉమ. 2022లో డాలస్ నగరంలో జరిగిన ఉత్తర అమెరికా పూర్వవిద్యార్థుల సమావేశంలో ఆమె తన యావదాస్తి, సుమారు 20 కోట్ల రూపాయలను, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మాతాశిశు సంరక్షణ భవనానికి సమర్పిస్తున్నట్లు ప్రకటించారు. భవనానికి తన పేరును నిరాకరించి, దివంగతుడైన భర్త పేరుకు సమ్మతించారు. ఆమె స్ఫూర్తితో మరికొందరు పూర్వవిద్యార్థులూ ముందుకు వచ్చారు.

1261లో ప్రసూతిశాల, 2022లో మాతాశిశు భవనం! ఆమెకు ఆ శాసనం తెలిసి ఉండాలన్న నియమం లేదు. సంస్కారం పుస్తకం ద్వారానే సంక్రమించదు. అయితే ఒక భేదాన్ని విస్మరించరాదు. నాడు దాతలు రాజులు, దత్తం ప్రజల కష్టార్జితమైన గ్రామాదాయం. నేడు దాత ఒక పూర్వవిద్యార్థిని, దత్తం ఆమె స్వార్జితం. ఋషిఋణ భావానికి ఈ రెండవదే సన్నిహితమని నా అభిప్రాయం. చదువుకున్న వ్యక్తియే ఇక్కడ ఋణగ్రస్తుడు, తీర్చవలసినదీ ఆ వ్యక్తియే.

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. నాటి పొలవాసలో నేడు వ్యవసాయ కళాశాల ఉంది. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ఆరంభమయ్యాయి. ఈ రెండింటికీ వృద్ధులైన పూర్వవిద్యార్థులు ఇంకా లేరు. నేడు ప్రథమ వర్గాలలో కూర్చున్నవారే అర్ధశతాబ్దం తరువాత ఆ స్థానాన్ని పొందుతారు. ప్రజాధనంతో చదివిన ఆ విద్య తమ సొంత ప్రతిభాఫలమని వారు భావిస్తే పరంపర అక్కడే ఆగిపోతుంది. ఋణమని భావిస్తే, మరణశాసనం రాసే వేళ తమ కళాశాల కూడా వారసుల పంక్తిలో నిలుస్తుంది.

సిరిసిల్ల నేతన్న మగ్గం మీద పోగు తెగితే వస్త్రమంతటినీ విడిచిపెట్టడు. తెగినచోటే ముడివేసి నేత కొనసాగిస్తాడు. ఉపనిషత్తు చెప్పిన తంతువుకూ అదే న్యాయం.

శుభం భూయాత్.