దీపం చుట్టూ పదిమంది: మన గూడేల్లో విశ్వాసం పెరిగిన దారి



మన గూడేల్లో వారానికోసారి, రాత్రి అన్నాలయ్యాక, ఎవరో ఒకరి ఇంటి ముందు చాపలు పరుస్తారు. ఏడెనిమిది మంది చేరతారు. ఒకరు పాట ఎత్తుకుంటారు. చదువు వచ్చిన పిల్ల వాక్యం చదువుతుంది. చదువు రాని అవ్వ తన బాధ చెప్పుకుంటుంది. పక్కింటి పిల్లాడికి జ్వరమని తెలిస్తే వాడి పేరు పెట్టి ప్రార్థన చేస్తారు. గంటలో ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోతారు. దీన్ని మనం కుటీర ప్రార్థన అంటాం. చూసేవాళ్లకు ఇందులో పెద్ద విశేషమేమీ కనిపించదు.

చరిత్ర అనగానే మనకు గుర్తొచ్చేవి గుడి కట్టిన సంవత్సరం, దొరల పేర్లు, శిలాఫలకాలు. మేము ఈ ప్రత్యేక సంచికలో రాయదలచింది ఆ చాప గురించి. ఎందుకంటే క్రైస్తవ విశ్వాసం ఎక్కడ నిలబడిందో అక్కడ గోడల కంటే ముందు ఇలాంటి చిన్న కూడిక ఉంది. గోడలు పోయిన చోట కూడా మిగిలింది అదే. మన కోయ యువతలో అందరూ క్రైస్తవులు కారని మాకు తెలుసు. అయినా ఇది మన గూడేల చరిత్రలో ఒక భాగం కాబట్టి అందరూ తెలుసుకోవాలని కోరుతున్నాం.

మొదలు ఇంట్లోనే

యేసు వెంట వేల మంది నడిచారు. కానీ ఆయన దగ్గర పెట్టుకుని నేర్పింది పన్నెండు మందికే. వాళ్లతో కలిసి తిన్నాడు, నడిచాడు, తప్పు చేస్తే సరిదిద్దాడు. శిష్యరికం అంటే ఇదే. ఉపన్యాసం విని లేచిపోవడం కాదు, ఒకరి పక్కన ఉండి బతకడం నేర్చుకోవడం.

ఆ తరువాత వచ్చిన సంఘాలకు కూడా చాలా కాలం గుడులు లేవు. ఫిలిప్పీ పట్టణంలో ఊదారంగు బట్టలు అమ్ముకునే లూదియ ఇల్లే కూడిక స్థలమైంది. డేరాలు కుట్టే అకుల, ప్రిస్కిల్ల దంపతుల ఇంట్లో ఒక సంఘం కూడేది. ఫిలేమోను ఇంట్లో మరొకటి. కొత్త నిబంధనలో ఈ ఇళ్ల ప్రస్తావనలున్నాయి. చేతిపని చేసుకునేవాళ్లు, ఆడవాళ్లు, దాసులు ఒకే చోట కూర్చున్న ఇళ్లు అవి.

బ్రిస్టల్‌లో ఒక పెన్నీ

తరువాతి శతాబ్దాల్లో గుడులు పెద్దవయ్యాయి, కూడికలు చిన్నబోయాయి. చిన్న గుంపును మళ్లీ బలంగా నిలబెట్టినవాళ్లలో ఇంగ్లండుకు చెందిన జాన్ వెస్లీ ఒకరు. అదీ ఒక అప్పు తీర్చే ప్రయత్నంలో జరిగింది.

1742 ఫిబ్రవరి 15న బ్రిస్టల్ పట్టణంలో వెస్లీ అనుచరులు సమావేశమయ్యారు. అక్కడ కట్టిన మందిరం మీద ఉన్న అప్పు తీరే దారి వెతుకుతున్నారు. ఫాయ్ అనే కెప్టెన్ లేచి, ప్రతి ఒక్కరూ వారానికి ఒక పెన్నీ ఇస్తే చాలన్నాడు. పేదవాళ్లు అదీ ఇవ్వలేరని ఎవరో అన్నారు. అయితే అందరికంటే పేదవాళ్లను పదకొండు మందిని తనకు అప్పగించమని, వాళ్లు ఇవ్వలేనిది తానే వేస్తానని ఫాయ్ చెప్పాడు. మిగతావాళ్లూ అలాగే ఒప్పుకున్నారు.

ఇలా ఒక్కో నాయకుడు పదకొండు మంది ఇళ్లకు ప్రతి వారం తిరగడం మొదలుపెట్టాడు. పెన్నీ కోసం వెళ్లినవాళ్లకు ఇంటి సంగతులు తెలిశాయి. ఒక ఇంట్లో తాగుడు, మరో ఇంట్లో భార్యాభర్తల గొడవ, ఇంకో ఇంట్లో తిండి లేదు. వెస్లీకి అర్థమైంది: డబ్బు కంటే ఈ రాకపోకలే అవసరం. అలా పన్నెండు మంది ఒక చోట కూడి, ఈ వారం నీ ఆత్మ ఎలా ఉందని ఒకరినొకరు అడిగి, ఉన్నది ఉన్నట్టు చెప్పుకునే పద్ధతి వచ్చింది. దాన్ని క్లాస్ మీటింగ్ అన్నారు. నాయకులు చదువుకున్న పాదిరులు కారు. చాలామంది పనివాళ్లు. ఆడవాళ్లు కూడా క్లాసులు నడిపారు. 1743లో వెస్లీ వాళ్లకు రాసిచ్చిన నియమాలు మూడు: కీడు చేయకు, మేలు చెయ్యి, దేవుని ఆరాధన మానకు.

అదే కాలంలో జార్జ్ విట్‌ఫీల్డ్ వెస్లీ కంటే గొప్ప వక్త. వేల మంది వచ్చి వినేవారు. కానీ వాళ్లను చిన్న గుంపులుగా కట్టలేదు. చివరికి తనవాళ్లు ఇసుకతో పేనిన తాడులా అయ్యారని ఆయన బాధపడ్డాడని చెబుతారు. గోదావరి ఒడ్డున పుట్టిన మనకు ఇసుక సంగతి వేరే చెప్పక్కర్లేదు.

గోదావరి మీదికి

ఈ ఆలోచన మన వైపు ఎలా వచ్చింది? భద్రాచలం ప్రాంతం 1860లో నిజాం చేతి నుంచి బ్రిటిష్ వాళ్లకు మారింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర ఆలోచనతో ఎగువ గోదావరిలో పడవలు నడపాలని పనులు చేపట్టారు. దుమ్ముగూడెం ఆనకట్ట ఆ పనుల్లోదే. అక్కడ ఇంజనీరు హేగ్ దొర. పని మీద కోయ గూడేల మధ్య తిరిగిన ఆయన, ఇక్కడ సువార్త చెప్పేవాళ్లు కావాలని చర్చ్ మిషనరీ సొసైటీని కోరాడు. దుమ్ముగూడెంలో మిషన్ 1860లో మొదలైంది. హేగ్ కింద ఉద్యోగం చేసిన వెంకటరామరాజు ఆ ఉద్యోగం వదిలి ఈ పనిలో దిగాడు. దొరలు వస్తూ పోతూ ఉంటే ఏళ్ల తరబడి గూడేలు తిరిగింది ఆయనలాంటి వాళ్లే.

ఆ సొసైటీకి అప్పుడు లండన్‌లో కార్యదర్శి హెన్రీ వెన్. దుమ్ముగూడెం మిషన్ మొదలైన మరుసటి ఏడే, 1861లో, తమ మిషన్లన్నిటి కోసం ఆయన ఒక పత్రం రాశాడు. కొత్త విశ్వాసులను దగ్గర దగ్గర ఇళ్లవాళ్లు ఒక గుంపుగా చేర్చాలి. ప్రతి గుంపుకు వాళ్లలోనే ఒక పెద్ద ఉండాలి. వారానికోసారి కూడాలి, తోచినంత కానుక వేయాలి. ఇలా చేస్తే సంఘం దొర మీద ఆధారపడకుండా తన కాళ్ల మీద నిలబడుతుందని ఆయన నమ్మకం. ప్రతి చోటా ఇది రాసినట్టే జరగలేదు. చాలా చోట్ల దొరల పెత్తనమే సాగింది. అయినా ఆ రాత మన పెద్దలకు చదివి వినిపిస్తే నవ్వి ఉండేవాళ్లు. పది ఇళ్లు, ఒక పెద్ద, కలిసి కూర్చుని మాట్లాడుకోవడం మన గూడేనికి కొత్తేమీ కాదు కదా.

1870లలో దుమ్ముగూడెం వచ్చిన జాన్ కెయిన్ పాదిరి మన భాష నేర్చుకున్నాడు. మన గట్లు, పెళ్లిళ్లు, పండుగల గురించి ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో 1876 నుంచి రాశాడు. బయటివాడి చూపు కాబట్టి అందులో తప్పులూ ఉన్నాయి. కానీ 19వ శతాబ్దం ముగియకముందే లూకా సువార్త కోయ మాటల్లో అచ్చయిందంటే, అది ఇలా గూడెంలో కూర్చుని మన అవ్వలూ తాతల నోటి నుంచి మాట నేర్చుకున్నందువల్లే. నేర్పడానికి వచ్చినవాళ్లు ముందు నేర్చుకోవాల్సి వచ్చింది.

దోర్నకల్ నేర్పినది

1912 డిసెంబరు 29న కలకత్తాలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. తిరునల్వేలి నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్న తమిళుడు. దుమ్ముగూడెం సంఘాలు తరువాత దోర్నకల్ అధ్యక్ష ఖండంలోకి వచ్చాయి.

బాప్తిస్మం పొందిన ప్రతి ఒక్కరూ సాక్షే అన్నది అజరయ్య పట్టుదల. కొత్త విశ్వాసి తన చేయి తన తల మీద పెట్టుకుని, సువార్త చెప్పకపోతే నాకు అయ్యో అని పలకాలి. పాలేరు అయినా, చదువు రాని ఆడమనిషి అయినా అంతే. ఊళ్లలో ఉపదేశులు సాయంత్రాలు పది మందిని కూర్చోబెట్టి కథలు, పాటలు, ప్రార్థనలు నోటికి నేర్పేవారు. అక్షరం రానివాళ్లు కూడా విశ్వాసంలో పెరిగింది అలాగే. ఫాయ్ పెన్నీ లాంటిదే మన ఆడవాళ్ల పిడికెడు బియ్యం. పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు ఒక పిడికెడు పక్కన తీసి పెట్టి ఆదివారం తెస్తారు. ఆ బియ్యం ఎన్నో చోట్ల సంఘాన్ని నిలబెట్టింది.

మనం పోగొట్టుకున్నవి

చరిత్ర రాసేటప్పుడు మంచి ఒక్కటే రాస్తే అది చరిత్ర కాదు. కొన్ని చోట్ల ప్రార్థనకు వచ్చినవాళ్లను డోలు వదిలేయమన్నారు, రేల ఆటకు వెళ్లొద్దన్నారు. విత్తనాల పండుగ రోజు ఒకే గూడెంలో అన్నదమ్ములు ఎడమొహం పెడమొహమయ్యారు. కూడిక గూడేన్ని కలపాల్సింది పోయి మధ్యలో కంచె అయిన సందర్భాలున్నాయి. నాయకుడు ఇళ్ల గుట్టు విని బయట చెప్పిన చోట ఆ చాప మీద మళ్లీ ఎవరూ కూర్చోలేదు.

భాష సంగతి మరీ ముఖ్యం. నేటి కూడికలు చాలావరకు పుస్తకాల తెలుగులో సాగుతున్నాయి. ఇంట్లో గలగలా మాట్లాడే అవ్వ అక్కడ మౌనంగా కూర్చుంటుంది. ఆమెకు దేవుడితో చెప్పుకోవడానికి మాటలు లేక కాదు, ఆ మాటలు అక్కడ పనికిరావేమోనని. ఆమె నోరు మెదపని కూడిక ఎంత బాగా జరిగినా సగమే జరిగినట్టు.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నాం

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మన మండలాల్లో ఎన్నో గూడేలు నీళ్లలో ఉన్నాయి. పోలవరం ముంపులో కూనవరం, వరరామచంద్రపురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు వైపు ఊళ్లు ఖాళీ అవుతున్నాయి. 2014 తరువాత మన చుట్టాలు రెండు రాష్ట్రాల్లో పడ్డారు. పునరావాస కాలనీల్లో పాత గూడెం వరుసలో ఇళ్లు దొరకవు. చదువు కోసం, కూలి కోసం మీలో చాలామంది హైదరాబాద్, విజయవాడ గదుల్లో ఉంటున్నారు.

గుడిని మోసుకుపోలేం. చాపను చుట్టి చంకలో పెట్టుకోవచ్చు. లూదియ ఇంటి నుంచి దుమ్ముగూడెం దాకా ఈ చరిత్ర చెప్పేది ఇదే. పది మంది ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకుని, నిజం చెప్పుకుని, ఆదుకుంటే విశ్వాసం ఎక్కడైనా వేళ్లూనుతుంది. వేల మంది వచ్చే సభ మనల్ని ఒక రాత్రి కదిలిస్తుంది. మర్నాడు జ్వరం వస్తే తలుపు తట్టేది ఆ పది మందిలో ఒకరే.

అందుకే మీకు మా మనవి మూడు మాటలు. ఉన్న చోట నలుగురైనా వారానికోసారి కూర్చోండి. కనీసం ఒక ప్రార్థన, ఒక పాట మన కోయ మాటలో ఉండాలి. అది రానివాళ్లు ఇంటికి ఫోన్ చేసి అవ్వను అడిగి నేర్చుకోండి. కూడికలో విన్న కష్టం కూడికలోనే ఉంచండి, కానీ సాయం మాత్రం గూడెంలో అందరికీ అందించండి, వాళ్లు ఎవరికి మొక్కినా సరే.

ఈ వారం ఎవరింట్లో చాప పరుస్తున్నారు?