బోయరు శిబిరముల మృతులు

నిర్బంధ శిబిరములన్నంతనే మన తలపునకు హిట్లరు నాటి జర్మనీ వచ్చును. అది సహజమే. కాని ఇంగ్లీషున ఆ శిబిరములకు గల పేరు జనుల నోట నలిగినది అంతకు ముప్పదియేండ్లకు పూర్వము, 1900–1902 మధ్య ఆంగ్లప్రభుత్వము దక్షిణాఫ్రికాలో బోయరు కుటుంబములను బంధించిన నాడు. రెండింటిని ఒక్క త్రాట కట్టుట మా యుద్దేశము కాదు. నాజీలు మనుజులను చంపుటకే కొన్ని శిబిరములను నిర్మించిరి. ఆంగ్లేయుల శిబిరములలో చావు సంకల్పింపబడినది కాదు, ఉపేక్షింపబడినది. ఈ భేదమును మరుగుపరచుటకే 1941లో జర్మనులు 'ఓమ్ క్రూగర్' అను చలనచిత్రమును తీసి, తమ పాపము బయటపడకుండ పరుల పాపమును చాటిరి. అయినను సంకల్పము లేని చావునకు ఎవ్వరును బాధ్యులు కారనుట న్యాయము కాదు.

1899లో బోయరు యుద్ధమారంభమైనది. మరుసటి యేట రెండు బోయరు రాజ్యముల రాజధానులును ఆంగ్లేయుల వశమయ్యెను గాని, బోయరులు దళములుగా చీలి గుఱ్ఱములపై తిరుగుచు పోరు మానరైరి. వారికి తిండి దొరకకుండ జేయుటకై రాబర్ట్సు, అతని పిమ్మట కిచెనరు, పల్లెపట్టులను తగులబెట్టించిరి. ఇంచుమించు 30,000 ఇండ్లు బూడిదయ్యెను. ఇల్లు పోయిన స్త్రీలను బిడ్డలను బండ్లమీదను, మూతలేని రైలుపెట్టెలలోను తెచ్చి గుడారములలో దింపిరి. ప్రభుత్వము వీనికి పెట్టిన పేరు శరణార్థి శిబిరములు! ఇల్లు కాల్చినవాడే శరణమిచ్చుట వింతయే కదా. మొదట కొన్నాళ్లు, పురుషుడింకను పోరాడుచున్న కుటుంబమునకు మాంసమీయక తక్కువ తిండి పెట్టిరి. తండ్రి చేసిన పనికి బిడ్డ పస్తుండవలసి వచ్చెను.

1901 జనవరిలో ఎమిలీ హాబ్‌హౌస్ అను ఆంగ్లవనిత బ్లూమ్‌ఫాంటెయిన్ శిబిరమును చూచెను. క్రిక్కిరిసిన గుడారములు, చాలని నీరు, చాలని వంటచెరకు. సబ్బు మొదట ఇచ్చుటయే లేదు. ఆమె స్వదేశమునకు పోయి తాను చూచినది చూచినట్లు ప్రకటించెను. పత్రికలు ఆమెను దేశద్రోహియనెను. మరల అక్టోబరులో ఆమె కేప్‌టౌన్ చేరగా ఓడ దిగనీయక త్రిప్పి పంపిరి. ఈలోగా ప్రభుత్వము మిలిసెంట్ ఫాసెట్ నాయకత్వమున స్త్రీల సంఘమునొకదానిని పంపెను. ఫాసెట్ యుద్ధమును సమర్థించినది. కావున ఆమె నివేదికను పక్షపాతమని త్రోసివేయుట ప్రభుత్వమునకు సాధ్యము కాకపోయెను. నీటి చెడుగు, మురుగు, తట్టు వ్యాధి వ్యాపించిన తీరు అన్నియు అందులో కలవు.

అయితే ఆ నివేదికలో తల్లుల అజ్ఞానముపై మోపిన నింద కూడ కొంత కలదు. బోయరు స్త్రీల ఇంటివైద్యములను, గుడారములను మూసియుంచు అలవాటును ఆ వనితలు గట్టిగా గర్హించిరి. ఇచ్చట మేము మన చదువరులను ఒక్క క్షణము నిలువుమని కోరుచున్నాము. నీరు కాచి త్రాగుమని మనమును ఇల్లాండ్రకు బోధించుచునే యున్నాము. కట్టెలు లేని యింటికి పోయి ఆ బోధ చేసినచో అది బోధయా, పరిహాసమా? సబ్బీయని చేతితో శుచిత్వమును గూర్చిన కరపత్రమునీయ తగునా?

1901 అక్టోబరున తెల్లవారి శిబిరములలో మరణములు సాలుకు వేయింటికి 344 చొప్పున నుండెను. నవంబరు మొదలు సైన్యమునుండి పౌరాధికారులకు పాలన మారినది, తిండి మెరుగుపడెను, దాదులు వచ్చిరి, మన దేశమున ప్లేగు, కరవు శిబిరములను నడపిన అనుభవముగల అధికారులను కూడ రప్పించిరి. 1902 మే నాటికి మరణములు వేయింటికి 20కి దిగెను. తట్టు తనంతట తాను తగ్గుటయు దీనికి కొంత కారణమే. ఎంత తగ్గించి చెప్పినను, ఆ బిడ్డలలో పెక్కుమంది బ్రతుకదగినవారేయని ఈ అంకెలు పలుకుచున్నవి. మొత్తము బోయరు మృతులు 27,927 మందియని తరువాత లెక్క తేలినది. అందు 22,000కు పైగా పదునారేండ్లు నిండనివారు.

వేరొక లెక్క యున్నది. బోయరుల పొలములలో పనిచేయు నల్లజాతివారిని గూడ సైన్యము తరలించెను. వారికి వేరు శిబిరములు, 60కి పైగా. యుద్ధాంతమునకు అందున్నవారు 1,15,000కు మించిరి. మగవారు సైన్యమునకు కూలిచేయవలెను. తక్కినవారు పైరు పెట్టి తమ తిండి తాము సంపాదించుకొనవలెను. మొక్కజొన్నను పెక్కుచోట్ల కొనుక్కొనవలెను. ఫాసెట్ సంఘము ఈ శిబిరములను పరిశీలింపలేదు. ఇచ్చట పత్రములకెక్కిన మరణములు 14,000కు పైబడినవి. నిజముగ 20,000కు తక్కువ కాదని నేటి చరిత్రకారులు పెక్కుమంది తలచుచున్నారు. తెల్లబిడ్డల పేర్లు, వయస్సులు పుస్తకములలో కలవు. వీరు చాలవరకు నెలసరి అంకెలుగా మాత్రమే మిగిలిరి.

1913 డిసెంబరు 16న బ్లూమ్‌ఫాంటెయిన్‌లో స్త్రీల స్మారకస్తంభమును ఆవిష్కరించిరి. ఆ యేడే జూన్‌లో నల్లవారికి దేశములో అత్యధికభాగమున భూమి కొను హక్కు లేకుండ చట్టము చేసిరి. ఆవిష్కరణకు పిలువబడిన హాబ్‌హౌస్ దారిలో జబ్బుపడగా ఆమె ఉపన్యాసమును ఇతరులు చదివిరి. తమది కాని తగవులో వేలకొలది నల్లవారును శిబిరములలో మడిసిరి గదా, వారిని తలచుట న్యాయము కాదా యని ఆమె అందడిగెను. ఆమె మాట ఆ సభతో ఆగినది కాదు. అప్పుడే నేటాలులో గాంధిగారి వెంట నిలిచి సమ్మె చేసిన కూలీలలో మన తెలుగువారును ఉండగా, వారి విషయమున స్మట్సుతో రాజీ కుదుర్పుమని ఆమె వ్రాసెను.

ఆ స్తంభము చుట్టును ఒక జాతి దుఃఖము పేరుకొనెను. దుఃఖము నిజమే, దానిని రాజకీయులు దశాబ్దములు పెంచి పోషించిరి. 1948లో వర్ణవిభజన పక్షము అధికారమునకు వచ్చుటకు ఆ జ్ఞాపకమును కొంత ఎరువైనది. 1963లో స్మారకమునకు ఏబదియేండ్లు నిండగా హాబ్‌హౌస్ ఉపన్యాసమును మరల అచ్చొత్తించిరి. నల్లవారిని గూర్చిన మాటలు అందు లేవు. 1926లో ఆమె చితాభస్మమును ఆ స్తంభము పాదముననే నిక్షేపించియుండిరి. స్తంభముపై 26,370 మంది స్త్రీలు, బిడ్డలు అని చెక్కబడియున్నది. ఆ సంఖ్యలో నల్లబిడ్డ యొక్కటియు చేరలేదు.