అల వెనుదిరిగిన తర్వాత: సాన్‌రికు తీరంలో సునామీలపై ప్రజాస్పందన

జపాన్ ప్రధాన ద్వీపమైన హోన్షూకు ఈశాన్యాన, అవొమొరి నుంచి ఇవాతె మీదుగా మియాగి వరకు సాగే సముద్రతీరాన్ని సాన్‌రికు అంటారు. పూర్వం నదులు కోసిన లోయలలోకి సముద్రం చొచ్చుకురావడం వల్ల ఏర్పడిన ఇరుకైన అఖాతాలతో రంపపు అంచులా కనిపించే ఈ తీరం మత్స్యసంపదకు పెట్టింది పేరు. సముద్రగర్భంలో భూఫలకాలు ఒక్కసారిగా జారినప్పుడు పైనున్న నీరంతా కదిలి పుట్టే అలల వరుసనే సునామీ అంటారు గనుక, వెడల్పుగా వచ్చిన ఆ నీరు అఖాతం లోపలికి పోయేకొద్దీ చోటు చాలక పైకి లేచి, ఇక్కడ అసాధారణమైన ఎత్తుకు చేరుతుంది. ఈ అలల ఎత్తులూ వేగాలూ శాస్త్రగ్రంథాలలో విస్తారంగా నమోదయ్యాయి. ప్రతి విపత్తు తర్వాత జనం ఎవరిని నిందించారు, ఎవరికి చేయూతనిచ్చారు, తిరిగి ఎక్కడ ఇళ్లు కట్టుకున్నారు, ఎవరిని జవాబు అడిగారు అన్న చరిత్రకు కూడా అంతే విలువ ఉంది. ఆ చరిత్రలో మొదట దైవాన్ని ఉద్దేశించిన ప్రశ్న క్రమంగా మనుషుల మీదికి, చివరకు సంస్థల మీదికి మళ్లింది, అయితే ఆ మళ్లింపు సూటిగా జరగలేదు.

తొలి విస్తృత లిఖిత సాక్ష్యం 869 నాటి జోగన్ భూకంపానికి సంబంధించినది. 901లో పూర్తయిన నిహోన్ సాందై జిత్సురొకు అనే రాజచరిత్ర, నేటి మియాగిలోని తాగా కోట పరిసరాలలో సుమారు 1000 మంది మునిగిపోయారని చెబుతుంది. రాజు ధర్మం తప్పితే ప్రకృతి గతి తప్పుతుందన్న చైనా రాజనీతి అప్పటి జపాన్ ఆస్థానానికి కూడా ప్రమాణం కావడంతో, సెయివా చక్రవర్తి తన శాసనంలో ఆ విపత్తుకు తన గుణలోపమే కారణమని చెప్పుకుని, పన్నులు మాఫీ చేయించి, మృతులకు అంత్యక్రియలు జరిపించమని ఆదేశించాడు. సామ్రాజ్యపు ప్రజలకూ, ఉత్తరాన ఎమిషీలుగా పిలువబడిన స్థానిక తెగలకూ భేదం చూపకుండా సాయం అందించాలన్న ఆజ్ఞ కూడా అందులో ఉంది. సరిహద్దులో ఆ తెగలతో పోరు ఇంకా చల్లారని కాలంలో ఈ మాట వెలువడడం గమనించదగినది.

సుమారు వెయ్యేళ్ల తర్వాత, నిందా స్తుతీ రెండూ పాలకుల చేతిలో నుంచి జనం చేతికి వచ్చాయి. భూమి కింద ఒక పెద్ద వాలుగ చేప కదలడం వల్లే నేల కంపిస్తుందన్న జానపద విశ్వాసం ఆధారంగా, 1855లో ఎదో (నేటి తోక్యో) నగరంలో వచ్చిన భూకంపం తర్వాత కొయ్య అచ్చులతో ముద్రించిన వందల రకాల చిత్రాలు నగరమంతా అమ్ముడుపోయాయి. కొన్నింటిలో జనం ఆ చేపను చితకబాదుతుంటే, మరికొన్నింటిలో ధనికులు కూడబెట్టిన సొమ్మును కక్కించి వడ్రంగులకూ తాపీవాళ్లకూ పంచిపెట్టే ఉపకారిగా అదే చేప కనిపిస్తుంది. విపత్తును లోకం చక్కబడే అవకాశంగా చూసిన ఈ భావనకు పాలకులు జంకి, చిత్రాల ముద్రణను అణచివేశారు. దానికి ముందటి ఏడాది, 1854 డిసెంబరులో నైరుతి జపాన్ తీరాన్ని సునామీ ముంచినప్పుడు, హిరో గ్రామంలో హమగుచి గొర్యో అనే సోయా రసం వ్యాపారి చీకట్లో దారి తెలియని జనానికి గుర్తుగా వరికుప్పలకు నిప్పంటించి, వారిని మిట్టమీది ఆలయం వైపు నడిపించాడు. ఈ కథను రచయిత లఫ్కాడియో హెర్న్ 1897లో కొంత మార్చి లోకానికి చెప్పగా, ఆ తర్వాత అది జపాన్ పాఠ్యపుస్తకాలకెక్కింది. కథలో అంతగా ప్రచారం పొందని అంశమే నిజానికి మరింత గొప్పది: అల వెళ్లిపోయాక ఊరు వదిలిపోవాలనుకున్న గ్రామస్థులకు అతడు కూలి ఇచ్చి సుమారు నాలుగేళ్లపాటు కరకట్ట కట్టించాడు, 1946లో మళ్లీ సునామీ వచ్చినప్పుడు ఆ కట్ట వెనుక ఊళ్లో చాలా భాగం దక్కింది.

హెర్న్ రచనకు ప్రేరణ 1896 జూన్ 15 నాటి మెయిజి సాన్‌రికు సునామీ. ఆ సాయంత్రం చాంద్రమాన పంచాంగం ప్రకారం మగపిల్లల పండుగ, పైగా చైనా యుద్ధం ముగించుకుని వచ్చిన సైనికులకు ఊళ్లలో సత్కారాలు జరుగుతున్నాయి. నేల కంపించింది నెమ్మదిగానే గనుక ఎవరూ భయపడలేదు. అరగంట తర్వాత వచ్చిన నీరు ఒకచోట 38 మీటర్ల ఎత్తుకు ఎగబాకి, మొత్తం మీద సుమారు 22,000 మందిని బలి తీసుకుంది. తంతి, పత్రికలు, సచిత్ర సంచికలు దేశమంతటా విస్తరించిన కాలం కావడంతో, మారుమూల బెస్తపల్లెల దుఃఖం తొలిసారిగా జాతి మొత్తానికి సొంత విషయమై, చందాలు వెల్లువెత్తాయి, జపాన్ రెడ్‌క్రాస్ వైద్యబృందాలను పంపింది. ఇంతకన్నా ఎక్కువ కాలం నిలిచిన స్పందన తోనో పట్టణవాసి యమానా సోషిన్‌ది. అతడు ఇవాతె తీరమంతా ఊరూరా తిరిగి నీరు ఎంతవరకు వచ్చిందో, ఎన్ని ఇళ్లు పోయాయో పటాలతో సహా రాసి ఉంచాడు.

విపత్తు జనంలో కరుణను మాత్రమే రేపుతుందనుకోవడం తప్పని 1923 సెప్టెంబరు 1న తోక్యో పరిసరాలలో వచ్చిన కాంతో భూకంపం చూపింది. అగ్నికీలలకూ కూలిన ఇళ్లకూ లక్షకు పైగా జనం బలైన ఆ రోజుల్లో, కొరియన్లు బావుల్లో విషం కలుపుతున్నారన్న పుకారు నమ్మి, ఆత్మరక్షక దళాల పేరిట గుమిగూడినవారు, కొన్నిచోట్ల సైనికులూ పోలీసులూ కూడా, వేలాది కొరియన్లను చంపారు. పారిశ్రామికవేత్త షిబుసావా ఎయిచి ఇది విలాసాలకు మరిగిన జాతికి దైవం వేసిన శిక్ష అన్నాడు. రచయిత అకుతాగావా ర్యునొసుకె ఆ వాదాన్ని అంగీకరించలేదు. చనిపోయినవారు బతికినవారికన్నా పాపులని ఒప్పుకుంటే తప్ప నిలవని వాదమది.

1933 మార్చి 3 వేకువజామున సాన్‌రికు మళ్లీ మునిగి, 3000కు పైగా జనం మరణించారు. ఈసారి అసాహి పత్రిక సేకరించిన చందాలలో కొంత భాగంతో తీరం పొడవునా హెచ్చరిక శిలలు నిలిపారు. మియాకో సమీపంలోని అనెయోషి పల్లెలో 1896లో ఇద్దరు, 1933లో నలుగురు మాత్రమే మిగలగా, ఈ చోటికి దిగువన ఇళ్లు కట్టవద్దని అక్కడి శిల శాసిస్తుంది. 2011 అల ఆ రాతికి దిగువనే ఆగింది. అయితే ప్రభుత్వ రుణాలతో మెరకకు తరలిన చాలా ఊళ్లు కొన్నేళ్లకే తిరిగి ఒడ్డుకు దిగాయి. దీనిని మతిమరుపుగా కొట్టిపారేసే అలవాటు బయటివారిలో ఎక్కువ. భౌగోళిక శాస్త్రవేత్త యమగుచి యాయిచిరో ఈ పల్లెలను ఏళ్ల తరబడి తిరిగి, 1943లో ప్రచురించిన గ్రంథంలో వేరే కారణాలు చూపాడు: పడవా వలా ఒడ్డున ఉండగా కొండ మీద కాపురం మత్స్యకారుడికి రోజూ భారమే, మెరక మీద నీటికి కటకట, వంశం నిలిపి పితృదేవతలను కొలవడం కోసం, అంతరించిన కుటుంబాల స్థానంలోకి బయటి ఊళ్ల బంధువులు వచ్చి చేరగా, అలను కళ్లారా చూడని ఆ కొత్తవారు పాత స్థలాల్లోనే ఇళ్లు కట్టారు. జనం మరిచిపోయి దిగిరాలేదు, బతుకుతెరువు కోసం దిగివచ్చారు.

తరలడానికి తగినంత చోటు లేని తారో గ్రామం 1934లోనే గోడ కట్టడం మొదలుపెట్టి, 1958 నాటికి 10 మీటర్ల ఎత్తు కట్టను పూర్తిచేసింది. 1960లో భూగోళానికి అవతలి వైపున చిలీలో పుట్టిన సునామీ, ఏ కంపనమూ లేకుండానే జపాన్ తీరానికి వచ్చి 142 మందిని పొట్టన పెట్టుకోవడంతో కాంక్రీటుపై భరోసా మరింత పెరిగింది. మరోవైపు తారోలోనే 1990లో జరిగిన ఒక సదస్సు ద్వారా, సునామీ పరిశోధకుడు యమాషితా ఫుమియో ప్రచారంలోకి తెచ్చిన ‘తెన్‌దెంకో’ సూత్రం, అంటే ఎవరికోసమూ ఎదురుచూడక ఎవరికివారు ఎత్తుకు పరుగెత్తాలన్న నియమం, కుటుంబసభ్యులు ఒకరినొకరు వెతుక్కుంటూ కలిసి మునిగిపోయిన పాత అనుభవాల నుంచి వచ్చింది. కఠినంగా వినిపించినా, ఇంట్లో అందరూ ఇలాగే పారిపోతారన్న పరస్పర నమ్మకమే దానికి ప్రాణం. కామైషి పట్టణంలో ఆచార్యుడు కతాదా తొషితాక బడిపిల్లలకు నేర్పింది ఇదే. 2011లో అక్కడి బడుల్లో ఉన్న సుమారు 3000 మంది పిల్లలు దాదాపు అందరూ బయటపడ్డారు.

2011 మార్చి 11 మధ్యాహ్నం 2:46కు సంభవించిన 9.0 తీవ్రత గల భూకంపం, దాని వెంట వచ్చిన సునామీ కలిసి 18,000కు పైగా ప్రాణాలను హరించాయి. తారో గోడను కూడా నీరు దాటింది. వేడుకలు మానుకునే ఆత్మనియమం దేశమంతటా వ్యాపించి, చెర్రీపూల విందులు రద్దు కాగా, అమ్మకాలు లేకపోతే తాము రెండోసారి మునుగుతామని ఇవాతె సారాయి తయారీదారులు మొరపెట్టుకున్నారు. తోక్యో గవర్నర్ ఇషిహారా షింతారో ఈ విపత్తును దైవశిక్ష అని, మరునాడే క్షమాపణ చెప్పుకోవలసి రావడం, 1923 నుంచి ప్రజాభిప్రాయం ఎంత దూరం జరిగిందో చెబుతుంది. బాధితులు వరుసల్లో ఓర్పుగా నిలిచారని విదేశీ పత్రికలు మెచ్చుకున్నాయి, కానీ ఆ మెప్పు వారి ఆగ్రహాన్ని కప్పివేసింది. సునామీ వల్ల ప్రమాదానికి గురైన ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రం విషయంలో జోగన్ సునామీ ఇసుకపొరల ఆధారంగా 2009లోనే ఒక భూశాస్త్రవేత్త ప్రభుత్వ సమీక్షలో హెచ్చరించాడు. పార్లమెంటు నియమించిన విచారణ సంఘం 2012లో ఆ ప్రమాదాన్ని మానవకల్పితమని తేల్చింది. ఒయె కెంజబురో వంటి రచయితలు ముందు నిలువగా అణువిద్యుత్తుకు వ్యతిరేకంగా వేలాదిమంది వీధుల్లోకి వచ్చారు.

ఇషినోమాకిలోని ఒకావా ప్రాథమిక పాఠశాల ఈ ఆగ్రహానికి న్యాయరూపం ఇచ్చింది. వెనుకనే కొండ ఉన్నా సుమారు 50 నిమిషాలు ఆవరణలోనే నిలిపి ఉంచిన ఆ బడిలో 74 మంది పిల్లలు, 10 మంది ఉపాధ్యాయులు మరణించారు. ప్రమాదపటంలో ఆ స్థలం ముంపు పరిధికి బయట ఉందన్న వాదనను తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. 2018లో సెందాయ్ హైకోర్టు, ఆ రోజు ఉపాధ్యాయుల తడబాటును మాత్రమే కాక, అంతకుముందే బడీ, విద్యామండలీ సరైన ప్రణాళిక సిద్ధం చేయకపోవడాన్ని తప్పుగా నిర్ణయించింది. 2019లో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపింది.

హెచ్చరిక పద్ధతి కూడా నిలదీతకు గురైంది. 2011లో తొలి ప్రకటనలో ఇవాతెకు 3 మీటర్లు, మియాగికి 6 మీటర్లు అని చెప్పడం కొందరిని నిలిచిపోయేలా చేసిందన్న విమర్శతో, 2013 నుంచి వాతావరణ సంస్థ అతిపెద్ద భూకంపాల వేళ తొలుత అంకెలు చెప్పడం మాని ‘బ్రహ్మాండమైన అల’ అని మాత్రమే ప్రకటిస్తోంది. 2024 జనవరి 1న నోతో భూకంపం వచ్చినప్పుడు జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే వ్యాఖ్యాతలు శాంతస్వరం విడిచి, వెంటనే పారిపొమ్మని కేకలు వేసి ఆజ్ఞాపించడం కూడా ఇందులో భాగమే. హెచ్చరికపై ఇలాంటి నిలదీతే, అసలు అది ఎందుకు రాలేదన్న ప్రశ్నగా, 2004 డిసెంబరు 26 నాటి సునామీ తర్వాత మన తీరంలోనూ వినిపించింది. పౌర్ణమి స్నానాలకు మంగినపూడి వెళ్లినవారితో సహా ఆంధ్ర తీరంలో 100 మందికి పైగా మరణించిన ఆ విపత్తు ఫలితంగానే 2007లో హైదరాబాదులో భారత సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం ఏర్పడింది.

2011 తర్వాత జపాన్ ప్రభుత్వం సుమారు 400 కిలోమీటర్ల పొడవున గోడలు కట్టించగా, సముద్రం కనబడకపోతే దాని రాకను ఎలా పసిగట్టగలమని అనేక పల్లెల జనం అభ్యంతరం చెప్పారు. కెసెన్నుమాలోని మోనె పల్లెవాసులు తమకు 9.9 మీటర్ల గోడ వద్దని ఏకగ్రీవంగా కోరి, దానిని రద్దు చేయించుకుని, కొండ మీదికి కలిసికట్టుగా తరలి, ఆల్చిప్పల సాగుకు మాత్రం రోజూ కిందికి దిగుతున్నారు. యమగుచి రాసిన ఆ రోజువారీ భారాన్ని వారు తెలిసే తలకెత్తుకున్నారు.